ఇంటి సోదా – ఇల్లాలెరుగవలసిన విధులు

పుంగనూరు జమీలోని యొక పల్లెయందు 1942లో జరిగిన సంగతిని మా ముత్తవ్వగారు చెప్పగా మేము బాల్యమున వింటిమి. ముత్తాతగారు పనిమీద కుప్పము వెళ్లియుండగా, తెల్లవారకముందే పోలీసులు వచ్చి తలుపుతట్టిరట. వంటయిల్లు, దేవునిగూడు, ధాన్యపుగాదె విడువక వెదకి, కడకు పెట్టెలోని పుస్తకములను మూటగట్టుకొనిపోయిరట. ఏమేమి కొనిపోయిరో వ్రాసి యిచ్చినవారు లేరు. వ్రాసి యిమ్మని యడుగవచ్చునని యామె యెరుగదు. ఆ పుస్తకములు మరల రాలేదు.

మన మదనపల్లెలో 1915లో కళాశాలను స్థాపించిన అనిబిసెంటమ్మగారికే యా పాలనమున నెమ్మది లేకపోయెను. 1916లో ఆమె నడపిన ‘న్యూ ఇండియా’ పత్రికకు 2,000 రూపాయల ధరావతు కోరిరి. దానిని జప్తుచేసి, పిమ్మట 10,000 కోరిరి. 1917లో ఆమెను ఉదకమండలమున నిర్బంధించిరి. లోకప్రసిద్ధురాలికే యట్లుండగా సామాన్యగృహిణి మాట చెప్పనేల?

అయినను 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ఇంటివారికి కొంత రక్షణము కల్పించియుండెను. 103వ సెక్షను ననుసరించి, సోదాకు ముందు ఆ ప్రాంతమందలి పెద్దమనుష్యుల నిద్దరికి తక్కువగాక సాక్షులుగా పిలువవలెను. ఇంటివారిని దగ్గర నుండనీయవలెను. తీసికొన్న వస్తువులకు పట్టిక వ్రాసి సాక్షులచే సంతకము చేయింపవలెను. ఘోషాస్త్రీ యున్న గది తలుపు పగులగొట్టుటకు ముందు ఆమెకు తెలిపి, తొలగిపోవుట కవకాశ మీయవలెను. స్త్రీని సోదాచేయవలసివచ్చినచో స్త్రీయే చేయవలెను. ఇక పట్టిక నకలు మాత్రము ఇంటివారు కోరిననే యిచ్చుట విధి. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు గదా! చట్టమెరుగని యిల్లాలు ఏమని యడుగును?

స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1973 నాటి కోడులో ‘కోరినచో’ అను నిబంధన తొలగినది, అడుగకున్నను నకలీయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందును ఈ విధి 103వ సెక్షనులోనే కలదు. సోదా నంతయు వీడియో తీయవలెనని 105వ సెక్షను విధించుచున్నది.

మన యిండ్ల కట్టిదినము రాకుండుగాక! వచ్చినచో తలుపుచాటున నిలిచి కన్నీరు పెట్టుకొనరాదు. వారంటు కలదా, లేనిచో నే కారణమున వచ్చిరని మర్యాదగా నడుగుడు. సాక్షు లెవరో చూడుడు. పట్టికను చదువక సంతకము చేయకుడు. నకలు పుచ్చుకొని భద్రపరచుడు. మన కూతుండ్రకు వంటయు ముగ్గును నేర్పునపుడు ఈ నాలుగు మాటలును నేర్పుదము. మా ముత్తవ్వగారి కివి యెవ్వరును చెప్పినవారు కారు.