విస్తరి ముందు... తాంబూలం తర్వాత!

అమ్మాయి పరీక్ష ఫలితాలొచ్చాయని తెలియగానే ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ చేరతారు. వెబ్‌సైట్ చిరునామా కొట్టి ఎంతసేపైనా తెర తెల్లగానే ఉంటుంది. 'నెట్ స్లోగా ఉంది' అని నాన్న తేల్చేస్తారు. నిజమే, సిగ్నల్ సరిగ్గా లేకపోవచ్చు. లక్షలమంది ఒక్కసారే వచ్చిపడితే సర్వరూ చేతులెత్తేయొచ్చు. కానీ ఆ రెండూ బాగున్నా పేజీ నత్తనడక నడుస్తోందంటే... లోపం దాన్ని తయారుచేసిన తీరులో ఉన్నట్లే!

ఈ సంగతిని లెక్కలతో సహా చెప్పింది స్టీవ్ సౌడర్స్. యాహూలో వెబ్‌సైట్ల వేగం మీద పనిచేసిన ఆయన 2007లో 'హై పెర్ఫార్మెన్స్ వెబ్ సైట్స్' అనే పుస్తకం రాశారు. పేజీ కోసం జనం ఎదురుచూసే సమయంలో 80 నుంచి 90 శాతం, అసలు పేజీకి కాదు, దానికి తోడుగా వచ్చే సరంజామాకే పోతోందన్నారు.

ఏమిటా సరంజామా? బొమ్మలు కాక ముఖ్యమైనవి రెండు. రంగులూ, అక్షరాల సైజూ, ఏది ఎక్కడుండాలో చెప్పేది స్టైల్‌షీట్. మెనూలు తెరవడం, ఫారాలు సరిచూడటం లాంటి పనులు చేసేది స్క్రిప్ట్.

బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుతుంది. మధ్యలో స్క్రిప్ట్ ఎదురైతే చదవడం ఆపేసి, దాన్ని తెప్పించి, పని పూర్తిచేసి గానీ ముందుకు కదలదు. పెళ్లిలో బంతి మీద జనాన్ని కూర్చోబెట్టి, వడ్డన ఆపి తాంబూలాల కోసం బజారుకు పరిగెత్తినట్టన్నమాట! అందుకే సౌడర్స్ చెప్పిన 14 సూత్రాల్లో రెండు ఇవి: స్టైల్‌షీట్ పైన, స్క్రిప్ట్ అట్టడుగున. అంటే... విస్తరి ముందు, తాంబూలం చివర.

ఇప్పుడు మరో మార్గమూ ఉంది. స్క్రిప్ట్ పక్కన 'డిఫర్' అన్న మాట చేరిస్తే చాలు. బ్రౌజర్ చదువుకుంటూనే దాన్ని తెప్పించి, చదవడం అయ్యాక పనిలోకి దింపుతుంది. 'ఎసింక్' అంటే మాత్రం రాగానే పని మొదలెట్టేస్తుంది, వరస పట్టించుకోదు. కాబట్టి ఒకదానిమీద ఒకటి ఆధారపడే స్క్రిప్టులకు అది పనికిరాదు. స్టైల్‌షీట్ వచ్చేదాకా బ్రౌజర్ తెరమీద ఏమీ చూపదు కనుక అదీ చిన్నగా ఉండాలి. ఖాళీలూ, అనవసరమైన వ్యాఖ్యలూ తీసేసి, కుదించి పంపితే బరువు తగ్గుతుంది.

2010లో గూగుల్ తన వెతుకులాట ఫలితాల వరసకు పేజీ వేగాన్నీ ఒక కొలమానంగా చేర్చింది. 'పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్'లో చిరునామా ఇస్తే ఎక్కడ ఆలస్యమవుతోందో ఉచితంగానే చెబుతుంది.

ఖరీదైన ఫోన్, మంచి సిగ్నల్ ఉన్నవాళ్లకు ఈ తేడా రెప్పపాటే కావచ్చు. పాత ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కిన అమ్మాయికి మాత్రం... ఆ ఒక్క మాటే ఫలితాన్ని త్వరగా చూపిస్తుంది!