రోటరీ ఇంజిన్ విమానంలో ఆయిల్ వేడికి కళ్లెం

అమెరికా వంటి దేశాల్లో కొందరు ఔత్సాహికులు తమ గ్యారేజీల్లోనే చిన్న విమానాలను నిర్మించుకుంటారు. నిర్మాణంలో సగానికి పైగా పని ఔత్సాహికులే చేస్తే, అక్కడ ఆ విమానాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్' తరగతిలో నమోదు చేసుకోవచ్చు. వీటిలో కొన్నిటికి సాధారణ విమాన ఇంజిన్‌కు బదులుగా మాజ్దా కార్లలో వాడిన 13బి రోటరీ ఇంజిన్‌ను బిగిస్తారు. ఇది చిన్నగా ఉంటుంది. కదిలే భాగాలు, కుదుపులు తక్కువ. కానీ ఈ విమానాన్ని నడిపేవారు ఒక మీటరు మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. అది ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రతను చూపే మీటరు.

ఆయిల్‌కు రెండో ఉద్యోగం

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన ఈ తరహా ఇంజిన్ తొలిసారి 1957లో పనిచేసింది. ఇందులో పైకీ కిందికీ కదిలే పిస్టన్లు ఉండవు. నడుము కాస్త నొక్కినట్టుండే గుండ్రని గదిలో మూడు ముఖాల రోటర్ తిరుగుతూ ఉంటుంది. గది గోడలు కదలవు కాబట్టి వాటి లోపలి కాలువల్లో నీటిని పారించి చల్లబరచవచ్చు. తిరిగే రోటర్‌లోకి నీటిని పంపడం కష్టం. అందుకే షాఫ్ట్‌లోని సన్నని రంధ్రాల ద్వారా రోటర్ లోపలికి ఆయిల్‌ను చిమ్ముతారు. అది వేడిని పీల్చుకుని కిందికి దిగుతుంది.

పిస్టన్ ఇంజిన్‌లో ఆయిల్ ప్రధానంగా రాపిడిని తగ్గిస్తుంది. రోటరీలో మాత్రం చల్లబరిచే వ్యవస్థ మోయాల్సిన వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ మీదే పడుతుంది. ఇంజిన్ వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించే గేర్‌బాక్స్ కూడా అదే ఆయిల్‌ను వాడితే ఈ భారం ఇంకాస్త పెరుగుతుంది.

పైకి ఎక్కేటప్పుడే అసలు పరీక్ష

ఘాట్ రోడ్డు ఎక్కే లారీ ఇంజిన్ వేడెక్కినట్టే, విమానానికీ ఎత్తుకు చేరే దశే కష్టకాలం. లారీని పక్కకు తీసి ఆపవచ్చు. గాలిలో ఆ వీలు లేదు.

అప్పుడు ఇంజిన్ గరిష్ఠ శక్తితో పనిచేస్తుంది. విమానం వేగం మాత్రం తక్కువగా ఉంటుంది. ఎదురు గాలి కూలర్ మీద కలిగించే పీడనం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకు 270 కి.మీ. వేగంతో పోలిస్తే 180 కి.మీ. వేగంలో ఆ పీడనం సగం కూడా ఉండదు. దీనికి ఎండ తోడైతే చిక్కు పెరుగుతుంది. ఆయిల్ 95 డిగ్రీల సెల్సియస్, గాలి 15 డిగ్రీలు ఉంటే తేడా 80. గాలి 40 డిగ్రీలకు చేరితే తేడా 55కు పడిపోతుంది. అంటే అదే కూలర్ సామర్థ్యం దాదాపు మూడో వంతు తగ్గినట్టే. అందువల్ల చల్లని ఉదయం సాఫీగా ఎగిరిన విమానమే ఎండాకాలం మధ్యాహ్నం ఇబ్బంది పెట్టవచ్చు.

పెద్ద కూలర్ ఒక్కటే చాలదు

ఒకే బరువు నీటితో పోలిస్తే ఆయిల్ దాదాపు సగం వేడినే మోయగలదు. వేడిని తనగుండా ప్రసరింపజేయడంలో అది నీటికన్నా బాగా వెనుకబడి ఉంటుంది. గొట్టం గోడను ఆనుకున్న ఆయిల్ పొర చల్లబడి చిక్కబడితే, మధ్యలో పారే ఆయిల్ వేడిగానే బయటికి వస్తుంది. అందుకే మంచి కూలర్లలో ఆయిల్‌ను కలియబెట్టే రేకులు లోపల కూడా ఉంటాయి.

అంతకన్నా కీలకం గాలి దారి. లోపలికి వచ్చే మార్గం క్రమంగా వెడల్పయితే గాలి నెమ్మదించి పీడనం పెరుగుతుంది. అప్పుడది కూలర్ రెక్కల గుండా సమంగా దూరుతుంది. అంచుల్లో చిన్న సందు ఉన్నా గాలి ఆ సులువైన దారినే పోతుంది. బయటికి వెళ్లే చోట పీడనం తక్కువగా ఉండాలి, లేకుంటే ముందు ఎంత పెద్ద రంధ్రం పెట్టినా గాలి కదలదు. కొందరు ఈ నిర్గమ ద్వారానికి తలుపు అమర్చి, ఎక్కేటప్పుడు తెరిచి, సమతలంగా ఎగిరేటప్పుడు మూస్తారు. దీనివల్ల అనవసరమైన గాలి నిరోధం తగ్గుతుంది.

లోపం ఎక్కడ?

కూలర్ దాటిన తర్వాత ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండేలా చూడటం, 99 డిగ్రీలను హద్దుగా పెట్టుకోవడం నిర్మాతల్లో వాడుక. హద్దు దాటితే ఆయిల్ పలుచబడి పీడనం తగ్గుతుంది. రోటర్‌లోని రబ్బరు రింగులు గట్టిపడి, ఆయిల్ దహన గదిలోకి కారి పొగ వస్తుంది. మరీ చల్లగా ఉన్నా ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు.

వేడి తగ్గనప్పుడు కూలర్ నుంచి బయటికొచ్చే గాలిని కొలిస్తే కారణం తెలుస్తుంది. అది ఆయిల్ అంత వేడిగా ఉంటే, వచ్చిన గాలి తన పని చేసింది. చాలినంత గాలి రావడం లేదు. గాలి చల్లగానే బయటికొస్తుంటే, వేడి దానికి అందడం లేదు. గాలి పక్కసందుల్లో పోతోందా, ఆయిల్ కూలర్‌ను తప్పించుకుంటోందా, కూలరే చాలడం లేదా అని చూడాలి.

గాలిలో ఉండగా ముల్లు హద్దు వైపు కదిలితే పైలట్ ముక్కును కాస్త దించి వేగం పెంచాలి, ఇంజిన్ శక్తిని తగ్గించాలి. అయితే దీనికి తగినంత ఎత్తు చేతిలో ఉండాలి. అందుకే గాలి దారిలోని లోపాలను నేల మీదే సరిదిద్దుకోవడం మేలు.