నీళ్లు గడ్డకట్టని చలి

ఉత్తరాదిలో జనవరి రాత్రి పొలం మీద మంచు పేరుకుందంటే బంగాళాదుంప తోట తెల్లారేసరికి నల్లగా మాడిపోతుంది. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లుతాయి కాబట్టి నష్టం వెంటనే కంటికి కనిపిస్తుంది. తెలుగు నేల మీద అలాంటి రాత్రులు అరుదు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో కొన్ని ఏళ్లు కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దిగువకు జారుతుంది. లంబసింగి, చింతపల్లి వైపు కూడా అంతే. మిగతా చోట్ల చాలావరకు చలి 10, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అయినా ఏటా డిసెంబరులో ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకటే మాట వినిపిస్తుంది: నారు ఎర్రబారింది, ఎంతకీ ఎదగడం లేదు.

నీళ్లు గడ్డకట్టని చలికి పైరు ఎందుకు దెబ్బతింటుంది?

చలికాలంలో వంటింట్లో నెయ్యి పేరుకుంటుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం పేరుకోదు. రెండూ కొవ్వులే. నేతిలో సంతృప్త కొవ్వులు ఎక్కువ, నూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. మొక్కలోని ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పల్చటి పొర కూడా ప్రధానంగా కొవ్వులతోనే తయారవుతుంది. గోధుమ వంటి చలిదేశపు పైర్లు చలి పెరిగేకొద్దీ ఆ పొరలో అసంతృప్త కొవ్వుల పాలు పెంచుకుని దాన్ని మెత్తగా ఉంచుకుంటాయి. ఉష్ణమండలంలో పుట్టి పెరిగిన వరికి ఆ నేర్పు తక్కువ. 10, 12 డిగ్రీల దగ్గరే దాని కణపొరలు బిగుసుకుపోతాయి. ఆ పొరల్లోంచి నీటినీ లవణాలనూ లోపలికి తోడే ఏర్పాటు మందగిస్తుంది. అందుకే మడి నిండా నీళ్లున్నా వేరు తాగలేదు. పొద్దెక్కాక ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. ఎండ నిండుగా కాస్తుంది, కానీ రాత్రంతా బిగుసుకున్న ఆకు ఆ వెలుతురును వాడుకోలేదు. వాడుకోలేని వెలుతురే పత్రహరితాన్ని దెబ్బతీస్తుంది. ఆకు పసుపు తిరగడం, తెల్లటి చారలు పడడం అందువల్లే.

దీనికి జింకు లోపం తోడవుతుంది. చల్లబడిన మట్టిలో సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయి, సేంద్రియ పదార్థం కుళ్లి పోషకాలు విడుదల కావడం ఆలస్యమవుతుంది, వేరు కూడా పొడుగు సాగదు. నేలలో జింకూ భాస్వరమూ ఉన్నా నారుకు అందవు. రైతు చూసే ఎర్రబారిన నారులో చలి దెబ్బ, జింకు లోపం రెండూ కలిసే ఉంటాయి. ఇది తెలియక యూరియా మీద యూరియా చల్లడం వల్ల ప్రయోజనం లేదు. యాసంగి నారుమడికి వానాకాలం కంటే రెట్టింపు భాస్వరం వేయమనీ, లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయమనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

అసలు చలి ఎక్కణ్నుంచి వస్తుంది? ఉత్తరపు గాలి తెచ్చేది కొంత. మిగతాది మన నేలే పోగొట్టుకునే వేడి. పగలు మట్టి దాచుకున్న వేడి రాత్రిపూట కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వెళ్లిపోతుంది. మబ్బు ఉంటే అందులో చాలా భాగాన్ని తిరిగి నేలకు పంపుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పొడిబారి, ఆకు కూడా కదలని రాత్రి ఆ వేడిని ఆపేది ఏదీ ఉండదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మబ్బు కమ్మితే రెండు రోజులు చలి తగ్గినట్టుండడం అందరికీ అనుభవమే. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందుకని ఒకే ఊళ్లో మెరక మడిలో నారు బాగుండి, వాగు పక్క పల్లపు మడిలో పాడవుతుంది. కోస్తాలో సముద్రపు తేమ ఈ వేడిని కొంత పట్టి ఉంచుతుంది కనుక గోదావరి డెల్టాలో దాళ్వా (యాసంగి వరి) నారుకు ఇంత బాధ లేదు.

వేడి పోయే దారి తెలిస్తే దాన్ని అడ్డుకునే దారీ తెలుస్తుంది. సాయంత్రం నారుమడి మీద కర్రలు పాతి, ఆకు కొసలకు తగలకుండా పాలిథీన్ పట్టా గానీ గోనెపట్టాలు గానీ కప్పి, పొద్దున్నే తీసేస్తే మబ్బు చేసే పనే ఆ పట్టా చేస్తుంది. రాత్రి చల్లబడిన నీటిని తెల్లవారగానే బయటికి వదిలి బోరు నీళ్లు పెట్టడం ఇంకో ఉపాయం. భూగర్భజలం ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిమిలో, ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. డిసెంబరు ఉదయం బోరు నీళ్లు చేతికి వెచ్చగా తగలడానికి కారణం అదే. విత్తనం దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టేవారూ ఉన్నారు. వానాకాలంలో ఒక రోజులో మొలకెత్తే మండె (మొలక కోసం నానబెట్టి కుప్పవేసిన విత్తనం) చలికాలంలో ఇంకో రోజు అడుగుతుంది, దాన్ని వెచ్చగా కప్పి ఉంచాలి. తెల్లహంస వంటి చలికి ఓర్చుకునే రకాలు యాసంగిలో పేరు తెచ్చుకున్నది ఈ పరీక్షలో నెగ్గే.

నారు కోలుకుంటుంది. కోలుకోలేని దెబ్బ పొట్ట దశలో పడుతుంది. కంకి ఇంకా ఆకు తొడిమలో దాగి ఉండి, పుప్పొడి తయారవుతున్న ఆ కొద్ది రోజుల్లో రాత్రులు 15 డిగ్రీల కిందికి పోతూ ఉంటే పుప్పొడికి చేరాల్సిన పిండిపదార్థం చేరదు. పైరు పచ్చగానే ఉంటుంది, ఈనుతుంది కూడా. గింజ మాత్రం పట్టదు. తాలు ఎందుకు వచ్చిందో రైతుకు అంతు చిక్కదు, ఎందుకంటే దెబ్బ పడింది రెండు వారాల ముందు.

ఇక్కడే యాసంగి వరి అసలు ఇరకాటం ఉంది. నవంబరు మొదట్లోనే నారు పోస్తే పొట్ట దశ జనవరి చివరి చలిలో పడవచ్చు. ఆలస్యం చేస్తే పూత, గింజ గట్టిపడడం మార్చి, ఏప్రిల్ ఎండల్లోకి, వడగళ్లలోకి వెళ్తాయి. ఎండలో గట్టిపడిన గింజ లోపల పగుళ్లిస్తుంది, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందువల్లే తెలంగాణ యాసంగి ధాన్యంలో చాలా భాగాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చాల్సి వచ్చింది, ఆ ఉప్పుడు బియ్యం కొనుగోలు మీదే 2021-22లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పెద్ద వివాదం నడిచింది. రాజకీయాల్లో అంత దుమారం రేపిన నూక వెనుక ఉన్నది రైతు నారు పోసే తేదీ. ముందుకు జరిపితే చలి, వెనక్కి జరిపితే ఎండ. నడుమ దొరికే వ్యవధి కొన్ని వారాలే. యాసంగికి స్వల్పకాలిక రకాలే నప్పుతాయని నిపుణులు పట్టుబట్టడంలో ఎంతో న్యాయం ఉంది.

వరికి శత్రువైన చలే శనగకు ప్రాణం. ప్రకాశం, కర్నూలు, నంద్యాల జిల్లాల నల్లరేగళ్లలో అక్టోబరు, నవంబరుల్లో వేసిన శనగ ఆ తర్వాత వాన ఎరగదు. మట్టిలో మిగిలిన పదును, పైన చల్లదనం, ఈ రెంటితోనే పండుతుంది. చల్లగా ఉంటే ఆకులోంచి తేమ ఆవిరి కావడం తగ్గి, నేలలోని పదును ఎక్కువ రోజులు వస్తుంది. చలికాలం పొట్టిదైన దక్షిణాదిలో ఆ పదును ఆరేలోపే కోతకు వచ్చే జేజీ 11 వంటి రకాలు దొరికాకే ఆంధ్రలో శనగ ఇంతగా విస్తరించింది. శనగ ఆకు నూగులోంచి ఊరే పులుపు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలది. పొద్దున్నే చేలో నడిచేవారి కాళ్లకు మంట పుట్టించేది అదే. మరీ దట్టమైన పొగమంచు కొన్నాళ్లు వదలకపోతే మాత్రం శనగకైనా కందికైనా పూత రాలుతుంది, కందిలో మారుకా మచ్చల పురుగు గూళ్లు కడుతుంది.

మామిడి సంగతి మరీ ఆసక్తికరం. చెట్టు కొమ్మ చివర మొగ్గ పూత అవుతుందా చిగురు అవుతుందా అన్నది చలి తేలుస్తుంది. పగలు 18, రాత్రి 10 డిగ్రీల వద్ద ఉంచిన మామిడి మొక్కలు పూత పూయడం, పగలు 30, రాత్రి 25 వద్ద ఉంచినవి ఆకులు మాత్రమే తొడగడం ప్రయోగాల్లో తేలింది. పూతకు సంకేతం పంపేది ముదిరిన ఆకులు. అందుకే వాన ఆలస్యంగా కురిసి నవంబరులో లేత చిగుళ్లు వేసిన తోట ఎంత చలి పెట్టినా సరిగా పూయదు. నూజివీడు, ఉలవపాడు, కొల్లాపూర్ తోటల్లో బంగినపల్లి రైతు డిసెంబరు చలి కోసం ఎదురుచూడడంలో ఆశ్చర్యం లేదు. చలి మితిమీరితే పూగుత్తిలో మగపూల పాలు పెరిగి పిందె తగ్గుతుంది. ఉదయపు తేమలో బూడిద తెగులూ, తేనెమంచు పురుగూ విజృంభిస్తాయి.

పత్తి ఆకులు డిసెంబరులో ఎర్రబడడం కూడా చాలావరకు చల్లటి రాత్రుల పనే. మెగ్నీషియం, నత్రజని చాలని చేలో అది త్వరగా బయటపడుతుంది.

పశువుల దగ్గరికి వస్తే, చలికి గేదెకున్న సంబంధం చాలామంది అనుకునేదానికి భిన్నం. గేదె పగటి వెలుతురు తగ్గే కాలంలో ఎదకు వచ్చే జంతువు. రాత్రి పొడుగయ్యేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను ఎక్కువసేపు విడుదల చేస్తుంది, అది పునరుత్పత్తి హార్మోన్లను మేల్కొల్పుతుంది. వేసవిలో మూగ ఎదతో రైతును తిప్పలు పెట్టిన గేదె అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా స్పష్టంగా ఎద లక్షణాలు చూపుతుంది. రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా చూపుతుంది కాబట్టి ఆ వేళల్లో కొట్టంలోకి ఒకసారి తొంగిచూడాలి. ఇప్పుడు చూలు కట్టిస్తే పది నెలల పైచిలుకు గర్భం తర్వాత ఆగస్టు, డిసెంబరు మధ్య ఈనుతుంది. అంటే చలి ముదిరేసరికి కొట్టంలో చిన్న దూడలుంటాయి. దూడ ఒంట్లో కొవ్వు నిల్వ తక్కువ, ఒళ్లు తడిగా ఉంటే వేడి ఇంకా వేగంగా పోతుంది. పుట్టగానే తుడిచి ఆరబెట్టడం, గంట రెండు గంటల్లోపే దాని బరువులో పదో వంతు లెక్కన ముర్రుపాలు తాగించడం మొదలుపెట్టడం, కింద పొడి గడ్డి పరచడం, ఈ మూడూ చేస్తే చాలావరకు దూడలు దక్కుతాయి. గాలి దూరకూడదని కొట్టాన్ని నలువైపులా బిగించేయడం మాత్రం పొరపాటు. మూత్రంలోంచి లేచే అమ్మోనియా లోపలే నిలిచి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఉత్తరపు గాలికి పట్టా కట్టి, పైన గాలి ఆడే సందు వదలాలి.

గొర్రెల కాపరులు పొద్దున్నే మందను వదలరు. మంచు ఆరాకే తోలుతారు. అనుభవం నేర్పిన ఈ అలవాటుకు శాస్త్రం పూర్తిగా మద్దతిస్తుంది. పొట్టలో రక్తం పీల్చే ఏలికపాముల పిల్లలు గడ్డిపోచ మీది తేమ పొరలోనే పైకి పాకుతాయి, ఎండ పొడవగానే కిందికి దిగిపోతాయి. ఈశాన్య రుతుపవనాల తర్వాత పెరిగే, దోమలాంటి చిన్న కుట్టే కీటకాలు మోసుకొచ్చే నీలినాలుక వ్యాధికీ ఇదే కాలం. టీకా వానలకు ముందే వేయించి ఉండాలి. తెలంగాణ పీఠభూమిలో తరతరాలుగా ఉన్న దక్కనీ గొర్రెకు నల్లటి ముతక ఉన్ని ఉంది, గొంగడి దానితోనే నేస్తారు. మాంసం కోసం దాని స్థానంలోకి వస్తున్న నెల్లూరు జాతికి ఉన్ని లేదు, వెంట్రుకలే ఉన్నాయి. ఎత్తుగా, బరువుగా పెరిగే ఆ జాతి మంచిదే, కానీ చలి ఎక్కువున్న మండలాల్లో దాని పిల్లలకు రాత్రి నీడ తప్పనిసరి అన్న లెక్క కూడా వేసుకోవాలి.

మేత కూడా ఈ కాలంలో తగ్గుతుంది. నేపియర్ వంటి వేడిదేశపు గడ్లు 15 డిగ్రీల దిగువన దాదాపు పెరగవు. పచ్చిమేత కరువైనప్పుడు పశువులు కోసిన జొన్నచేలో మోళ్ల నుంచి లేచిన లేత పిలకల మీద పడతాయి. అక్కడే నాము పొంచి ఉంటుంది. లేత జొన్నలో, అందులోనూ బెట్టకు గిడసబారిన దానిలో, ధుర్రిన్ అనే పదార్థం ఎక్కువ. పశువు నమిలినప్పుడు అందులోంచి సైనైడ్ విడుదలై నిమిషాల్లో ఊపిరి ఆడకుండా చేస్తుంది. పూతకు వచ్చిన జొన్నను మేపితే ఆ భయం ఉండదు. నాము సోకితే సోడియం థయోసల్ఫేట్ వంటి విరుగుడు మందులున్నాయి, కానీ వైద్యుడు వచ్చేదాకా పశువు నిలవడం కష్టం. కాబట్టి ఆ పిలకలవైపు మందను పోనివ్వకపోవడమే మందు.

మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు తక్కువైతే వాతావరణ శాఖ శీతల గాలులని ప్రకటిస్తుంది. మనుషులకు ఆ హెచ్చరిక సరిపోతుంది. పైరుకూ పశువుకూ సరిపోదు. 13 డిగ్రీల రాత్రి ఏ హెచ్చరికా వినిపించదు, పొట్టమీదున్న వరికి మాత్రం అదే ముప్పు. ప్రతి మంగళవారం, శుక్రవారం వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలు మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే వస్తాయి, వాటిలో రానున్న రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత ఉంటుంది. టీవీలో చలి వార్త విన్నప్పుడు ఆ అంకెను తమ పొలంలోని పైరు దశతో కలిపి చదువుకోవడం రైతులు అలవాటు చేసుకోవాలి. ఆ సలహాను రచ్చబండ దగ్గర చదివి వినిపించే పని ఊళ్లో చదువుకున్న పిల్లలెవరైనా చేయవచ్చు. ఈ యాసంగిలోనే మొదలుపెట్టండి.