పావు మైలు పరుగులో కాలం ఎక్కడ పోతోంది?

పెద్ద కార్ల కోసం తయారైన భారీ వీ-8 ఇంజిన్‌ను మధ్యతరహా కారులో అమర్చి, సామాన్య ఉద్యోగి కూడా కొనగలిగే ధరకు 1960వ దశకపు అమెరికాలో అమ్మిన కార్లను మజిల్ కార్లు అంటారు. 389 ఘనపుటంగుళాల, అంటే దాదాపు 6.4 లీటర్ల, ఇంజిన్‌తో 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ వాటికి ఒరవడి పెట్టింది. ఇటువంటి కార్లు తలపడే డ్రాగ్ స్ట్రిప్ మలుపులు లేని తిన్నని బాట. కదలక నిలిచి ఉన్న కారు బయలుదేరి 1,320 అడుగుల పావు మైలును ఎంత కాలంలో దాటుతుందో అక్కడ కొలుస్తారు.

ఇంజిన్ శక్తి పరుగంతా స్థిరంగా అందుతుందనుకుంటే, పట్టే కాలం కారు బరువును శక్తితో భాగించగా వచ్చిన సంఖ్యకు ఘనమూలాన్ని అనుసరించి మారుతుందని గతిశాస్త్రం చెబుతుంది. అందువల్ల శక్తిని పదో వంతు పెంచినా కాలం సుమారు 3 శాతమే తగ్గుతుంది. 14 సెకన్ల కారుకు దక్కేది అర సెకను కూడా కాదు. ఖరీదైన విడిభాగాలు కొనడానికి ముందు, ఉన్న శక్తి ఎక్కడ వృథా అవుతోందో వెతకడమే శాస్త్రీయమైన పద్ధతి.

ఆ వృథాలో పెద్ద భాగం మొదటి 60 అడుగుల్లోనే ఉంటుంది. జారని టైరుకు నేలతో ఉండే పట్టు, జారుతున్న టైరుకు ఉండే పట్టు కన్నా ఎక్కువ కనుక, చక్రాలు పొగలు కక్కుతూ గిర్రున తిరుగుతున్న కారు చూడటానికి ఎంత ఘనంగా ఉన్నా కాలాన్ని పోగొట్టుకుంటూనే ఉంటుంది. పరుగు ముగిశాక ఇచ్చే చీటీలో చివరి వేగం బాగుండి కాలం మాత్రం బాగోకపోతే, లోపం ఇంజిన్‌లో కాక టైర్లలోనో, బయలుదేరిన తీరులోనో ఉందని గ్రహించాలి.

ఇంజిన్ విషయానికి వస్తే, అన్నిటికన్నా చవకగా ఎక్కువ ఫలితమిచ్చేది ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వను విడిచే క్షణాన్ని సరిదిద్దడం. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే క్రాంక్‌షాఫ్ట్ సెకనులో వెయ్యో వంతుకే 30 డిగ్రీలు తిరిగిపోతుంది. ఇంధన మిశ్రమం మండటానికి కొంత వ్యవధి కావాలి కాబట్టి, పిస్టన్ పైకొస చేరడానికి ముందే రవ్వ పుట్టాలి. వేగం పెరిగేకొద్దీ ఈ ముందస్తును పెంచేవి డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న బరువులు, వాటిని పట్టి ఉంచే స్ప్రింగులు. స్ప్రింగులు మరీ బిగువుగా ఉంటే పూర్తి ముందస్తు ఆలస్యంగా అందుతుంది గనుక తేలికైనవి వేస్తారు. ఆ కాలపు వీ-8 ఇంజిన్లలో పూర్తి ముందస్తు సాధారణంగా 34 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటుంది. అది హద్దు మీరితే మిశ్రమం అదుపు తప్పి పేలి పిస్టన్లనే పగలగొడుతుంది. పాత ఇంజిన్లలో మరో చిక్కు ఉంది: క్రాంక్‌షాఫ్ట్ కొసకు బిగించిన బాలెన్సర్ అనే చక్రంలో టైమింగ్ గుర్తు చెక్కిన బయటి వలయం, దానిని పట్టి ఉంచే రబ్బరు పాతబడటంతో, ఉన్న చోటు నుంచి జరిగిపోతుంది. అప్పుడు టైమింగ్ లైటు వెలుగులో గుర్తు సరిగ్గానే కనిపించినా కొలత తప్పవుతుంది కాబట్టి, మొదటి సిలిండర్‌లో పిస్టన్ నిజమైన పైకొస ఎక్కడో ముందుగా తేల్చుకోవాలి.

కార్బ్యురేటర్‌లో జెట్లు, అంటే పెట్రోలు ప్రవాహాన్ని నిర్ణయించే సన్నని రంధ్రాల ఇత్తడి ముక్కలు, మార్చి మిశ్రమాన్ని సరిచేస్తారు. పెట్రోలు పూర్తిగా మండటానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి చాలు. గరిష్ఠ శక్తి మాత్రం దాదాపు 12.5 నుంచి 13 రెట్ల దగ్గర లభిస్తుంది. అంతకన్నా ముందు, ఇంజిన్ ఆపి ఒకరు పెడల్‌ను నేలకంటా తొక్కుతుండగా మరొకరు కార్బ్యురేటర్ మూతలు పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. పెడల్‌ను ఆ మూతలకు కలిపే లింకేజీ సాగిపోయిన కారుకు ఎన్ని జెట్లు మార్చినా ప్రయోజనం లేదు.

ఒక పరుగుకు ఒక్క మార్పే చేసి, ఆనాటి ఉష్ణోగ్రతతో సహా రాసిపెట్టుకుంటే తప్ప ఏ మార్పు ఏ ఫలితమిచ్చిందో తెలియదు, ఎందుకంటే గాలి సాంద్రత కూడా కాలాన్ని మారుస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 5,800 అడుగుల ఎత్తున, డెన్వర్ సమీపంలో ఉండిన బాండిమియర్ స్ట్రిప్ వద్ద గాలి సుమారు ఆరో వంతు పలుచగా ఉంటుంది. అక్కడి కాలాలను మైదానపు స్ట్రిప్‌ల కాలాలతో నేరుగా పోల్చడం పొరపాటు.