చేరినవారు చివరిదాకా నిలవాలంటే

కామారెడ్డి జిల్లాలో మంజీర నదికి చేరువగా ఉన్న బీర్కూర్ మండలంలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థికి డిగ్రీ చదువంటే చాలావరకు బాన్సువాడకో, మరికొంత దూరంలోని బోధన్, నిజామాబాద్, కామారెడ్డి పట్టణాలకో రోజూ బస్సులో వెళ్లివచ్చే చదువే. బాన్సువాడలోని శ్రీ రామ్ నారాయణ్ ఖేడియా ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి సంస్థలు ర్యాంకులు అడగకుండా, తక్కువ ఫీజుతో, ఇంటికి అందుబాటులో ఉండి, ఆ ఇంటి నుంచి కళాశాల గడప తొక్కుతున్న మొదటి తరాన్ని చేర్చుకుంటున్నాయి. అమెరికాలో రెండేళ్ల కోర్సులు నడిపే కమ్యూనిటీ కళాశాలలు అక్కడి పేద కుటుంబాలకు చేస్తున్న మేలు కూడా ఇదే కాబట్టి, ఈ రెండుచోట్లా ఎదురయ్యే చిక్కు ఒకటే కావడంలో వింత లేదు: చేరడం సులువైంది గాని, పూర్తిచేయడం అంత సులువు కాలేదు.

ప్రభుత్వాల లెక్కలు ఎక్కువగా చేరికల చుట్టూనే తిరుగుతాయి. 2016లో మొదలైన 'దోస్త్' అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి వల్ల ఏ కళాశాలలో ఎన్ని సీట్లు నిండాయో ఏటా తెలుస్తోంది. 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చి ఉన్నత విద్యలో ఎందరు నమోదయ్యారో చెప్పే సంఖ్యను స్థూల నమోదు నిష్పత్తి అంటారు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం అది దేశం మొత్తానికి 28.4 కాగా తెలంగాణలో 40. గర్వించదగిన సంఖ్యే అయినా, ఆ నమోదైనవారిలో ఆరో సెమిస్టర్ పరీక్ష రాసి పట్టా చేతపట్టినవారు ఎందరన్న ప్రశ్నకు ఈ నిష్పత్తి జవాబివ్వదు.

చదువు మానడం ఒక్కరోజులో జరిగే పని కాదు. నిజాంసాగర్ కాలువల కింద వరి నాట్లు, కోతలు ముమ్మరంగా సాగే వారాల్లో కూలి డబ్బు ఇంటికి అవసరమవుతుంది. పది రోజులు తరగతులు పోతాయి. అటెండెన్స్ 75 శాతం కన్నా తగ్గితే పరీక్షకూ స్కాలర్‌షిప్‌కూ ముప్పు వస్తుంది. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవారు ఇంగ్లిషులో సాగే పాఠాల దగ్గర తడబడి, మొదటి సెమిస్టర్‌లోనే ఒకటి రెండు పేపర్లు తప్పుతారు. ఆ తప్పిన పేపర్లనే బ్యాక్‌లాగులు అంటారు. ఇవి పేరుకుపోయి, పేపర్లు పాసైతే వచ్చే క్రెడిట్లు నిర్ణీత సంఖ్యలో రాకపోతే పై ఏడాదికి పోనివ్వరు. ఆడపిల్లల విషయంలో ఈలోగా పెళ్లి సంబంధం కుదరడం కూడా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే చదువు ఆపేంత పెద్దది కాదు; అన్నీ ఒకే ఏడాదిలో ఒకే విద్యార్థి మీద పడినప్పుడు, పట్టించుకుని అడిగేవారెవరూ లేకపోతే, ఆ పేరు హాజరు పట్టీ నుంచి చడీచప్పుడు లేకుండా జారిపోతుంది.

డబ్బు సాయం లేదనడం న్యాయం కాదు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పదో తరగతి దాటాక ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి విస్తృతంగా అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వెనుకబడిన తరగతుల పిల్లలకు కూడా దారి తెరిచింది. ఇందులో రెండు భాగాలుంటాయి: కళాశాలకు చెల్లించే బోధన రుసుమును ఆర్టీఎఫ్ అనీ, విద్యార్థి ఖాతాలో పడే ఖర్చుల డబ్బును ఎంటీఎఫ్ అనీ పిలుస్తారు. చిక్కంతా వీటిని అందుకునే తోవలోనే ఉంది. ఆదాయ ధ్రువపత్రం తేవాలి, ఈ-పాస్ అనే స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, మీ-సేవ కేంద్రంలో వేలిముద్ర వేయాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడి ఉండాలి, కాగితాలు కళాశాలలో ఇవ్వాలి, మరుసటి ఏడాది రెన్యువల్ చేయించుకోవాలి. ఎక్కడ ఒక అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు ఆగుతుంది. ఎందుకు ఆగిందో చదివి చెప్పగల మనిషి ఆ ఇంట్లో ఉండకపోవచ్చు. అన్నీ సరిగా ఉన్నా విడుదల ఆలస్యమవుతుంది. బకాయిలు పేరుకుపోయాయంటూ ప్రైవేటు డిగ్రీ కళాశాలల యాజమాన్యాలు 2024లో బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య ఉన్న బాకీ చివరికి టీసీ కోసం, మెమోల కోసం తిరిగే విద్యార్థి నెత్తిన పడడం అన్యాయం.

ఇక డబ్బుతోపాటు అడ్డుపడే దూరాన్ని జయించడానికి తెలంగాణ సమాజం పూర్వమే కనుగొన్న ఉపాయం హాస్టల్. 1918లో హైదరాబాద్‌లో వెలసిన రెడ్డి హాస్టల్ వంటివి పల్లె పిల్లలకు పట్నంలో నిలువ నీడనిచ్చాయి. 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ మహిళల కోసం 30 రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాలలు తెరిచినప్పుడు కామారెడ్డికీ ఒకటి దక్కింది. 2024లో ఇంటర్ నుంచి పీజీ వరకు హాస్టల్ విద్యార్థుల మెస్ చార్జీలను నెలకు రూ.1,500 నుంచి రూ.2,100కు పెంచారు, రోజుకు లెక్కిస్తే రూ.70. ఇంటి నుంచి వచ్చిపోయే అమ్మాయిలకు 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం నిజమైన ఊరట. అయితే టికెట్ లేకపోవడం ఎంత ముఖ్యమో, మొదటి తరగతి వేళకు ఊరి నుంచి బస్సు ఉండడమూ అంతే ముఖ్యం.

ఈ సాయాలన్నిటినీ ఒక్క చేతి మీదుగా అందిస్తే ఏమవుతుందో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం చేసి చూపింది. 2007లో తన కమ్యూనిటీ కళాశాలల్లో అది మొదలుపెట్టిన 'ఏసాప్' కార్యక్రమంలో మిగిలిన ఫీజు, పుస్తకాల ఖర్చు, రైలు-బస్సు పాసు ఇస్తూ, అందుకు బదులుగా పూర్తికాలం చదవాలని, సలహాదారుని తరచూ కలవాలని షరతు పెట్టారు. మామూలుగా ఒక్కో సలహాదారుకు వందల మంది విద్యార్థులుండే చోట, ఈ కార్యక్రమంలో 60 నుంచి 80 మందినే అప్పగించారు. లాటరీ పద్ధతిలో 896 మందిని రెండు జట్లుగా విడదీసి పరిశీలించినప్పుడు, మూడేళ్లలో పట్టా పొందినవారు మామూలు జట్టులో 22 శాతం ఉంటే, ఏసాప్ జట్టులో 40 శాతం ఉన్నారు. తలసరి ఖర్చు పెరిగినా, పూర్తయిన ఒక్కో పట్టాకు పడిన ఖర్చు తగ్గింది. ఒహాయో రాష్ట్రంలోని మూడు కళాశాలల్లోనూ ఇంచుమించు ఇదే ఫలితం వచ్చింది.

బీర్కూర్ విద్యార్థికి ఇప్పుడు బస్సు, ఫీజు, హాస్టల్ వేర్వేరు శాఖల నుంచి వస్తున్నాయి. ఆ సలహాదారు ఒక్కడే లేడు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ కోరినందువల్ల ప్రతి అధ్యాపకుడి పేరు మీదా కొందరు విద్యార్థులను రాస్తున్న మాట నిజమే. ఆ రిజిస్టరు మదింపు బృందం కోసం కాక విద్యార్థి కోసం తెరుచుకోవాలంటే, అధ్యాపకుడికి టైమ్‌టేబుల్‌లో అందుకు గంటలు కేటాయించాలి. మూడు రోజులు వరుసగా రాని విద్యార్థి ఇంటికి ఆ వారంలోనే ఫోను వెళ్లాలి. ఈ-పాస్‌లో ఆగిన దరఖాస్తుల జాబితాను ఆఫీసు గుమస్తా నెలనెలా ఆ అధ్యాపకుడి చేతికివ్వాలి. బ్యాక్‌లాగు ఉన్నవారికి సప్లిమెంటరీ పరీక్షకు ముందు ప్రత్యేక తరగతులు పెట్టాలి. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపడం మాత్రం తప్పనిసరి.

ఇప్పటికే మానేసినవారి సంగతి కూడా ఉంది. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో సొమ్ములా ఏడేళ్ల వరకు నిలువ ఉంటాయి. పెళ్లయిందనో, నాన్న మంచాన పడ్డాడనో రెండో ఏడాది ఆపేసినవారికి ఆ క్రెడిట్లు ఇంకా చెల్లుతాయని తెలియజేసే బాధ్యత కళాశాలదే. ప్రవేశాల కోసం ఏటా ఊరూరా తిరిగే అధ్యాపకులు, కొత్తవారి పేర్లతోపాటు సగంలో ఆగినవారి పేర్లూ పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లవచ్చు, రీ-అడ్మిషన్ దరఖాస్తును అక్కడే నింపించవచ్చు.