మోటారుబండి స్ప్రింగులకు పొడిపూత

జట్కాబండికి ఇరుసుపై కమానుకట్టలుండుట మీరెఱిగినదే. బాట గతుకులలో చక్రమెగిరినప్పుడు ఆ దెబ్బను కమాను తాను మ్రింగి, కూర్చున్నవాని నడుమునకు తగులనీయదు. నేటి కార్లలో పెక్కింటికి ఆ పనిని చుట్టు స్ప్రింగులు చేయుచున్నవి. ఉక్కుకడ్డీని పాముచుట్టవలె చుట్టి, పదునుపెట్టి, బండి బరువును దానిపై నిలుపుదురు. ఈ స్ప్రింగులు త్రుప్పుపట్టినప్పుడు వానిని శుభ్రపఱచి, పౌడరు కోటింగు అను పొడిపూత వేయించువారు పట్టణములలో గలరు. పాత కారు కొన్న కుమారుడో మనుమడో ఈ పనికి పూనుకొన్నప్పుడు పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. వానిని గూర్చియే నేటి ప్రసంగము.

త్రుప్పు అందమును మాత్రమే చెఱుచునదైనచో ఇంత చెప్ప పనిలేదు. ఇనుపతీగను ఒకేచోట అటునిటు వంచుచున్నచో కొంతసేపటికి తెగును గదా! స్ప్రింగు కడ్డీయు తన ఆయుష్కాలమున లక్షలమార్లు నొక్కుడువడి లేచుచుండును. ఉపరితలము నున్నగానున్నంతవఱకు ఆ శ్రమ అంతట సమముగా పంచుకొనబడును. త్రుప్పు తిని చిన్న గుంట ఏర్పడెనా, శ్రమ అంతయు ఆ గుంట అడుగున కూడుకొనును. అక్కడ కంటికానని బీట పుట్టి, దినదినము లోనికి ప్రాకి, ఒకనాడు కడ్డీ పుటుక్కున విఱుగును. బురద నిలుచు క్రిందిచుట్టు వద్దనే ఇది తఱచుగా జరుగును. విఱిగిన కొన టైరును చీల్చిన సందర్భములును గలవు. మంచు కరగుటకు బాటలపై ఉప్పు చల్లు చలిదేశములలో ఈ బాధ మిక్కుటము. మన కోస్తాలో సముద్రపు గాలియు, రొయ్యల చెఱువుల ఉప్పునీరును అట్టి కీడునే చేయును.

పొడిపూత అనగా నేమి? ఇందు కుంచె లేదు, నూనె లేదు, పలుచన చేయు ద్రవము లేదు. రంగు కలిపిన కృత్రిమపు లక్కవంటి పదార్థమును మెత్తని పొడిచేసి వాడుదురు. 1950 దశకమున జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అను నాతడు, గాలితో పొంగించిన పొడిలో కాగిన లోహమును ముంచు పద్ధతిని కనిపెట్టెను. తరువాత విద్యుత్తుతో చిమ్ము పద్ధతి వచ్చినది. తలదువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగుకొనునట్లే, వేలకొలది వోల్టుల విద్యుదావేశము పొందిన పొడి, భూమికి తీగెతో కలిపిన ఇనుమును అంటుకొనును. పిమ్మట పెద్ద పొయ్యిలో కాల్చగా పొడి కరగి, ఒకటై, గట్టిపడును. పూత మందము సామాన్యముగా 60 మొదలు 100 మైక్రానులు. అనగా ఇంచుమించు తలవెండ్రుకంత.

ఇక పని వరుస వినుడు. బండినుండి స్ప్రింగును ఊడదీయుటయే ప్రథమ గండము. నొక్కుడువడియున్న స్ప్రింగు చేజాఱినచో ప్రాణము తీయగలదు. కావున తగిన బిగింపు పనిముట్టు గల మేస్త్రీయే దీనిని చేయవలెను. స్ప్రింగుపై కంపెనీవారు వేసిన రంగుగుర్తులను, కుడియెడమలను, పైక్రిందులను వ్రాసియుంచుకొనవలెను. పూత వేసినపిదప అవి కానరావు. రబ్బరు తొడుగులు తీసి, జిడ్డు కడిగి, గాలిలో సన్నని రవ్వను చిమ్మి త్రుప్పును రాల్చుదురు. అటుపిమ్మట ఆలసింపరాదు, తేమగాలి తగిలిన కొలదిసేపటికే తెల్లని ఉక్కుపై మరల త్రుప్పు పొడసూపును. మొదట జింకుపాలు హెచ్చుగాగల పూతయు, దానిపై ఎండకోర్చు పూతయు వేయుట మేలు. చుట్టుల లోపలి ప్రక్కలకు పొడి సులభముగా చేరదు. అన్ని దిక్కులనుండి చిమ్మి చూచుకొనవలెను.

ఇప్పుడు మూడు హెచ్చరికలు. మొదటిది: ఆసిడ్‌లో ముంచి త్రుప్పు తీయరాదు. ఆసిడ్ ఇనుమును తాకినప్పుడు పుట్టు హైడ్రోజను వాయువు గట్టి ఉక్కులోనికి దూరి దానిని పెళుసుచేయును. చూపునకు చక్కగానుండి, బరువు పడినపిదప పగులును.

రెండవది వేడిమి. పదును మర్మము మీ యూరి కమ్మరికి తెలియును. పదునుపెట్టిన కత్తిని మరల కొలిమిలో పెట్టినచో పదును దిగిపోవును. స్ప్రింగు ఉక్కును సామాన్యముగా 350 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడిమిలో పదును కుదుర్చుదురు. పొడిపూత సుమారు 180 మొదలు 200 డిగ్రీలలో, పది యిరువది నిమిషములలో ఉడుకును గనుక కీడు లేదు. కాని పాత పూతను తీయుటకు కొందఱు 400 డిగ్రీల ప్రాంతపు పొయ్యిలో కాల్చుదురు. స్ప్రింగును అందు పెట్టనీయరాదు. బండి యెత్తు తగ్గించుటకు మంటతో కాల్చుటయు ఇట్టిదే.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. రవ్వ చిమ్మినపిదప, పూత వేయకముందు, శుభ్రమైన కడ్డీని వెలుతురులో త్రిప్పి చూడుడు. గోరు తగిలి ఆగునంతటి గుంటగాని, సన్నని బీటగాని కనబడెనా, ఆ స్ప్రింగు పనికిరాదు. సానపట్టినను, అతుకువేసినను బాగుపడదు. అట్టిదానికి పూత వేయుట పైన పటారము, లోన లొటారము. క్రొత్తది కొనవలెను; అదియు ఒక ఇరుసునకు రెండు ప్రక్కల జతగా.

పూతకును ఆయువు గలదు. చివరి చుట్టులు ఒండొంటితో రాచుకొనుచోట అది పెచ్చులూడును. ఆ సందున నీరు చొచ్చి, పూత క్రిందనే త్రుప్పు ప్రాకును. కావున బురద కడుగుచుండవలెను; టైర్లు మార్చునప్పుడెల్ల స్ప్రింగు మొదలును తుదిని చూడవలెను.

పూత ఉక్కుకు బలమీయదు. ఉన్న బలమును కాపాడును. మంచి స్ప్రింగునకు వేసిన ఖర్చు నిలుచును. చెడినదానికి వేసినచో, ఆ బండిలో కూర్చుండువారికి కీడు కనబడకుండ కప్పినట్లగును. పనివాడు రంగు ఏది కావలెనని అడుగును. మీరు మాత్రము రంగు వేయకముందు స్ప్రింగును ఒకమాఱు చూపుమని అడుగుడు.