బందరు రైలు కొస



బెజవాడనుండి గుడివాడ, పెడన, చిలకలపూడి మీదుగా వచ్చు రైలుమార్గము బందరులో ముగియును. మార్గము కొసనున్న ఇట్టి స్టేషను వలన చుట్టుపట్ల గ్రామములకు గల ప్రయోజనమెట్టిదో ఈ పూట మనవి చేసెదను. నేను పల్లెటూరి గృహస్థుడను. ఈ సంగతి తెలిసికొనుటకు మా యింటి తగవే కారణమైనది.

బందరుకు ఓడలు ముందు, రైలు వెనుక. 1611లోనే ఆంగ్లేయులు ఇచ్చట వర్తకశాల పెట్టిరి. కాలక్రమమున రేవు పూడిపోవుచు వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరి. 1908లో రైలు వచ్చునప్పటికి రేవు పూర్వవైభవము తగ్గియుండెను. సముద్రము మీదుగా లోకమును చూచిన ఊరు, నాటినుండి బెజవాడ వైపు చూడ నేర్చినది.

ఇక మా తగవు. మా మనుమరాలికి బెజవాడలో డిగ్రీ చదువుటకు సీటు దొరికెను. వసతిగృహమున ఉంచుటకు డబ్బు చాలదు. నిత్యము రైలులో పంపుటకు నాకు ధైర్యము చాలదు. దూరము సుమారు 80 కిలోమీటర్లు. “ఆడపిల్లకు అంత దూరపు చదువెందుకు?” అంటిని. పిల్ల ఎదురాడలేదు. “తాతయ్యా, కాదనేముందు ఒక్కసారి నువ్వే వచ్చి చూడు” అని మాత్రమన్నది. మరునాడు తెల్లవారకమునుపే బందరు స్టేషనుకు పోతిని. అచ్చట మూడు సంగతులు తెలిసినవి.

మొదటిది: బండి బయలుదేరు చోటు ఇదియే గనుక పెట్టెలు ఖాళీగా నుండును. తొందరపాటు లేక ఎక్కి కూర్చుండవచ్చును. నడుమ స్టేషనులలో ఎక్కువారికి ఈ సౌఖ్యము లేదు. స్త్రీలకు ప్రత్యేకముగా చోటు కలదు. నేను పోయిననాడు అందులో పదిమంది విద్యార్థినులు పుస్తకములు తెరచుకొని కూర్చుండియుండిరి.

రెండవది: బండి తిరుగు విధము. పూర్వము ఇంజనును విడదీసి, ప్రక్క పట్టాలమీదుగా ఆవలి కొసకు తెచ్చి తగిలింపవలసియుండెను. ఇప్పుడు ఈ మార్గమునకు విద్యుత్తు వచ్చినది. మెమూ అను బండికి రెండు కొసలందును నడుపువాని గది యుండును. అతడు ఈ కొస దిగి ఆ కొసకు నడచిపోయిన చాలును. కాని ఒక చిక్కు కలదు. వచ్చిన బండియే తిరిగి పోవలసియున్నచో, అది ఆలస్యముగా వచ్చిననాడు ఆలస్యముగానే కదలును. కావున మీ పిల్లలు ఎక్కు బండి రాత్రి ఇచ్చటనే నిలిచినదా, అప్పుడే రావలసినదా యని స్టేషనులో అడిగి తెలిసికొనుడు. సాయంకాలపు కడపటి బండి వేళ ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను.

మూడవది ఖర్చు. నిత్యము పోయివచ్చువారికి 150 కిలోమీటర్ల దూరమువరకు నెలవారీ సీజను టిక్కెట్టు దొరకును. విద్యార్థినులకు డిగ్రీ పూర్తియగువరకు, మగపిల్లలకు 12వ తరగతివరకు, ఇంటినుండి విద్యాలయమునకు రెండవ తరగతి సీజను టిక్కెట్టు ఉచితము. విద్యాలయాధికారి ధ్రువపత్రము తేవలెను. ఆ టిక్కెట్టుతో రిజర్వేషను పెట్టెలు ఎక్కరాదు. ఈ మాట టిక్కెట్ల కిటికీ వద్ద వినినపుడు నాకు సిగ్గు కలిగెను. రైలు ఖర్చు పేరు చెప్పియే గదా నేను మా కోడలి నోరు మూయించితిని!

మా పిల్ల ఇప్పుడు రెండవ సంవత్సరము చదువుచున్నది. కష్టము లేదని చెప్పను. చీకటితో లేచును, రాత్రి అలసివచ్చును. బండి జాగైననాడు నేను స్టేషను బల్లమీద కూర్చుండి, బెజవాడ దిక్కున దీపము కనబడువరకు పట్టాలవంకే చూచుచుందును. అట్లు చూచు తాతలు, తండ్రులు నాకు తోడుగా మరికొందరు కలరు.

పెద్దలారా, మీ గ్రామమునకు దగ్గరి స్టేషనుకు ఒక ఉదయము పోయి చూడుడు. బండి వేళలు, టిక్కెట్టు నియమములు కనుగొనుడు. వేళలు చదువరులకు అనుకూలముగా లేకున్నచో నలుగురు కలిసి అర్జీ పెట్టుడు. అంతయు విచారించిన పిమ్మట కాదనవలసివచ్చిన కాదనుడు. విచారింపకమునుపే నావలె కాదనకుడు.